చేతిమేత మానని పిల్లను చేతులు మారనివ్వకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గార్లకు బహిరంగ లేఖ



నేను ఏలూరు జిల్లా పెదవేగి మండలంలో ఉంటాను. 31 ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నెలనెలా పసిపిల్లలను తూకం వేసి రిజిస్టరులో రాయడం, ఆరో నెల నిండిన బిడ్డకు అన్నప్రాశన చేయించడం, బాలామృతం ఎంత పలచగా కలపాలో తల్లులకు చూపించడం నా ఉద్యోగం. ఈ లేఖ మాత్రం మనుషుల పిల్లల గురించి కాదు. ఆఫ్రికా బూడిదరంగు చిలుక, అంటే అందరూ గ్రే ప్యారట్ అనే పక్షి పిల్లల గురించి. వాటిని జతకట్టించి పిల్లలు తీసేవాళ్లకు లైసెన్సు ఇచ్చే అధికారం మీది కాబట్టి మీకే రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. తనంతట తాను తినడం రాని చిలుకపిల్లను అమ్మడానికి ఒప్పుకోకండి.

2023 నవంబరు 16 తెల్లవారుజామున మా అబ్బాయి హైదరాబాద్ బస్సు దిగి, ఒళ్లో అట్టపెట్టెతో ఇంటికొచ్చాడు. అందులో రెండు పిల్లలు. అమ్మ ఒక్కతే ఉంటోంది, తోడుంటాయని తెచ్చాడు. ఆరు వారాల పిల్లలని అమ్మినతను చెప్పాడట. ఒంటి మీద సగం ఈకలు వచ్చాయి, మిగతా సగం ముళ్లలా పొడుచుకొచ్చి ఉన్నాయి. తోక దగ్గర ఎరుపు అప్పుడే తొంగిచూస్తోంది. కళ్లు నల్లగా, పెద్దగా ఉన్నాయి. పెద్దయ్యాక ఆ కళ్లు పసుపు రంగుకు తిరుగుతాయని అప్పుడు నాకు తెలియదు. పెట్టెతో పాటు ఒక పొడి పాకెట్టు, ఒక సిరంజి ఇచ్చాడు. తినడం వచ్చిన పిల్లయితే ధర ఎక్కువట. పైగా మన చేత్తో పోస్తేనే మనకు మాలిమి అవుతుందని కూడా చెప్పి పంపాడట.

నేనూ ఆ మాట నమ్మాను. ఎంతమంది పసివాళ్లకు ఉగ్గు పెట్టిన చెయ్యి ఇది, రెండు పక్షి పిల్లలకు పెట్టలేనా అనుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక పిల్ల నా చేతిలో చనిపోయింది. అది ఎలా జరిగిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పెట్టెలు ఎన్ని ఇళ్లకు చేరుతున్నాయో, వాటిలో ఎన్ని పిల్లలు ఇలాగే పోతున్నాయో ఎవరి లెక్కలోనూ ఉండదు. చిలుకపిల్లకు ఆకలైనప్పుడు ముక్కు రెండు పక్కలా మెల్లగా తాకితే, అది తల పైకీ కిందికీ గబగబా ఊపుతూ మేత అందుకుంటుంది. తల్లి ముక్కుతో ముక్కు కలిపి కక్కి పెట్టినప్పుడు చేసే పనే అది. అలా ఊపుతున్నంతసేపూ ఊపిరిగొట్టం నోరు మూసుకుని ఉంటుంది, మేత నేరుగా మెడ కింద ఉండే సంచిలోకి దిగుతుంది. ఊపడం ఆపిందంటే ఊపిరి తీసుకుంటోందని అర్థం. నాలుక మొదట్లోనే ఉండే ఆ రంధ్రం అప్పుడు తెరుచుకుంటుంది. ఆ రోజు పిల్ల ఊపడం ఆపింది. సిరంజిలో ఇంకా కొంచెం మిగిలింది కదా, పూర్తి చేద్దామని నేను నొక్కాను. పొలమారింది. మనుషుల బిడ్డకు పొలమారితే బోర్లా పడుకోబెట్టి, వీపు మీద తట్టి బయటకు తెప్పిస్తాం. ఇది నా అరచేతిలో రెండుసార్లు రెక్కలు విదిల్చి ఆగిపోయింది. నిమిషం కూడా పట్టలేదు.

సిరంజిని పక్షి ఎడమ పక్క నుంచి పెట్టి, గొంతు కుడి వైపుకి మేత పడేలా పోయాలన్న మాట ఆ తరవాత విజయవాడలో పక్షుల వైద్యం తెలిసిన డాక్టరమ్మ చెబితే తెలిసింది. మేత వేడి 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలని, మణికట్టు మీద చుక్క వేసుకుని చూస్తే చాలదని, థర్మామీటరు పెట్టాల్సిందేనని కూడా ఆవిడే చెప్పారు. అంతకంటే రెండు మూడు డిగ్రీలు వేడెక్కితే సంచి లోపల కాలుతుంది. ఆ గాయం వెంటనే కనిపించదు. కొన్ని రోజుల తరవాత మెడ కింద చర్మం చిల్లు పడి, తిన్నది తిన్నట్టు బయటకు కారుతుంది. చల్లారిన మేత పోస్తే సంచిలో కదలకుండా నిలిచి పులుస్తుంది. నిన్నటి మేత దిగకుండా ఇవాళ్టిది పోస్తే ఆ పులుపే విషమవుతుంది. ఒక్క పూటకు పోసేది పిల్ల బరువులో పదో వంతుకు మించకూడదు. 360 గ్రాముల పిల్లకు 36 మిల్లీలీటర్లు. కలిపిన మేతలో మిగిలింది పారబొయ్యాలి, మళ్లీ వేడి చేసి వాడకూడదు. పొడి అయిపోతే పసిపిల్లల పాలపొడి కలిపి పోయొచ్చని ఊళ్లో ఒకరు సలహా ఇచ్చారు. పాలలో ఉండే చక్కెర పక్షులకు అరగదు.

ఇన్ని సంగతుల్లో ఒక్కటైనా ఆ పెట్టెతో రాలేదు. పాకెట్టు మీద ఇంగ్లిషులో చిన్న అక్షరాలు ఉన్నాయి. సిరంజి మీద గీతలు ఉన్నాయి. అంతే.

రెండో పిల్లకు సిరంజి పట్టలేదు. మా అబ్బాయి పుట్టినప్పటి వెండి ఉగ్గుగిన్నె బయటకు తీశాను. దాని ముక్కు చిలుకపిల్ల ముక్కుకి సరిపోయింది. గిన్నె వంచి పట్టుకుంటే పిల్ల తనకు తోచినంత వేగంగా తాగుతుంది, ఆగాలనుకుంటే ఆగుతుంది. మనం నొక్కేది ఏమీ ఉండదు. ఉగ్గుగిన్నె లేనివాళ్లు స్టీలు చెంచా అంచులు రెండు పక్కలా వంచి దోనెలా చేసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పారు. సిరంజితో రెండు నిమిషాల్లో అయ్యే పనికి దీంతో పావుగంట పడుతుంది, మెడంతా మేత పూసుకుంటుంది, తుడవాలి. నాకు తీరిక ఉంది కాబట్టి చేశాను. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు రోజుకు నాలుగు పూటలు ఇలా కూర్చోగలరా? వాళ్లకే ఈ పిల్లలను అమ్ముతున్నారు.

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో కరెంటు పోయింది. ఒంటి నిండా ఈకలు రాని పిల్లకు తన వేడి తాను కాపాడుకోవడం రాదు. చలి తగిలితే తిన్నది కూడా అరగదు. అప్పటిదాకా పెట్టెకు ఒక చివర బల్బు పెట్టాను, వేడెక్కితే రెండో చివరకు జరిగేలా. కరెంటు లేని ఆ రెండు రాత్రులు వేడినీళ్ల సీసాకు పాత చీరముక్క చుట్టి పక్కన పెట్టి, గంటకోసారి లేచి మార్చాను. మబ్బులు పట్టిన ఆ రోజుల్లోనే దానికి మబ్బు అని పేరు పెట్టుకున్నాను.

ఇప్పుడు మేత మాన్పించడం గురించి. ఈ లేఖలో నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది.

అమ్మినతను ఫోనులో చెప్పింది: "మూడు నెలలు నిండగానే పోయడం ఆపెయ్యండి. రెండు రోజులు అరుస్తుంది. ఆకలేస్తే అదే తింటుంది." ఈ మాట నాకు కొత్త కాదు. పాలు మాన్పించడానికి వేపాకు రసం రాసుకున్న తల్లులను, బిడ్డను నాలుగు రోజులు అమ్మమ్మ ఇంట్లో వదిలేసి వచ్చిన తల్లులను చాలామందిని చూశాను. ఆ నెల తూకంలో ఆ బిడ్డ గీత కిందికి దిగేది. మా శాఖ ప్రతి శిక్షణలోనూ మాకు చెప్పిన మాట ఒకటే: ఆరు నెలలకు అన్నం మొదలుపెట్టేది పాలు ఆపడానికి కాదు, పాలకు తోడుగా పెట్టడానికి. పాలు రెండేళ్ల దాకా సాగాలి. అన్నప్రాశన రోజున పాలు మాన్పించిన తల్లిని మీరెక్కడైనా చూశారా? చిలుకపిల్ల విషయంలో మాత్రం అదే పని చేయమని డబ్బు తీసుకున్న మనిషి చెబుతున్నాడు.

అడవిలో ఈ పక్షి చెట్టు తొర్రలో మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. నాలుగు వారాలు పొదుగుతుంది. పిల్లలు తొర్ర వదిలి ఎగరడానికి పదకొండు పన్నెండు వారాలు పడుతుంది. ఎగిరిన రోజుతో తల్లిదండ్రుల పని అయిపోదు. బయటకు వచ్చాక కూడా మేత పెడుతూనే ఉంటాయి, ఏది తినాలో చూపిస్తాయి. రెక్క వచ్చాకే ముక్కు నేర్చుకుంటుంది. ఈ వరస తెలియక ఎగరకముందే రెక్కలు కత్తిరించి అమ్మేవాళ్లున్నారు. బరువైన పక్షి, రెక్క లేక ఎత్తు నుంచి దబ్బున పడి రొమ్ము ఎముక దెబ్బతింటుంది. దిగడం చేతకాని పక్షి జీవితాంతం బెదురుతూనే ఉంటుంది.

మబ్బుకు తొమ్మిదో వారం నుంచి నేల మీద పళ్లెం పెట్టాను. మెత్తగా ఉడికిన అన్నం, ఉడికించిన చిలగడదుంప, మొలకెత్తిన పెసలు, లేత మొక్కజొన్న పొత్తు ముక్క, మునగాకు రెమ్మ. వారాల తరబడి ఒక్క మెతుకు కూడా మింగలేదు. ముక్కుతో పట్టుకుంటుంది, చీలుస్తుంది, విసిరేస్తుంది, తొక్కుతుంది. రోజూ నేల కడుగుతుంటే పనమ్మాయి విసుక్కునేది. ఆ అమ్మాయికి నేను చెప్పిందే మీకూ చెబుతున్నాను: అది ఆడుకోవడం కాదు, చదువుకోవడం. ఏడాది బిడ్డ అన్నం ఒళ్లంతా పూసుకున్నప్పుడు మనం పళ్లెం లాక్కోం.

రోజూ పొద్దున్నే, సంచి ఖాళీగా ఉన్నప్పుడు, వంటింటి తూకం మీద బరువు చూసి పుస్తకంలో రాశాను. ఇది నా చేతికి అలవాటైన పని. వచ్చిన రోజు 358 గ్రాములు. పదో వారానికి 472. పన్నెండో వారంలో ఒక్కసారిగా తగ్గడం మొదలై 424కి దిగింది. మేత వద్దని తల తిప్పేసుకునేది. భయంతో డాక్టరమ్మకు ఫోను చేశాను. ఎగరబోయే ముందు పదో వంతు దాకా తగ్గడం మామూలేనని, ఒళ్లు తేలిక చేసుకుంటోందని, బలవంతంగా పోయవద్దని అన్నారు. కొత్త సంవత్సరం వచ్చిన మూడో రోజున వంటింటి గట్టు మీద నుంచి లేచి, హాలు దాటి, గుమ్మం మీద తోరణాన్ని పట్టుకుంది. ఆ రోజు సాయంత్రం మొదటిసారి మొక్కజొన్న గింజ కొరికి మింగింది.

అక్కణ్నుంచి ముందు మధ్యాహ్నం పూట దానంతట అదే మానేసింది. తరవాత పొద్దున పూట. రాత్రి పూట మాత్రం వదల్లేదు. సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలు వచ్చారు, పిల్లలు పంజరం చుట్టూ చేరారు. అంతవరకూ చక్కగా తింటున్న పక్షి పళ్లెం వైపు చూడకుండా మూల కూర్చుని గొంతులో గరగరమంటూ తల ఊపడం మొదలుపెట్టింది. ఉగ్గుగిన్నె మళ్లీ తీశాను. నాలుగు రాత్రులు పోశాను. చెల్లెలు పుట్టినప్పుడు పెద్దపిల్ల మళ్లీ పాలకు మారాం చేస్తే కొట్టరు కదా. చుట్టాలు వెళ్లిపోయాక అది మళ్లీ పళ్లెం దగ్గరికి వచ్చింది. శివరాత్రికి పది రోజుల ముందు ఆఖరిసారి గిన్నె ముందు పెడితే ముక్కుతో తోసేసింది. పుట్టి అప్పటికి దాదాపు ఐదు నెలలు.

"మూడు నెలలకు ఆపెయ్యండి" అన్న మాట వినుంటే ఆ రెండు నెలలూ ఏమయ్యేవో నేను ఊహించుకోగలను. ఆకలితో మాన్పించిన పిల్లలు కొన్ని చనిపోతాయి. బతికినవి మనిషి కనబడితే చాలు ఏడుస్తూ తిరుగుతాయి, పళ్లెం నిండా మేత ఉన్నా సరే.

ఒక చిన్న సంగతి చెప్పాలి. మా మామగారి కాలం నుంచి మాకు ఆయిల్‌పామ్ తోట ఉంది. మా మండలంలోనే భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. గ్రే చిలుకలకు అడవిలో ఎంతో ఇష్టమైన తిండి ఆ చెట్టు పండే. మందు కొట్టని గెల నుంచి ఒక పండు కడిగి ఇస్తే, మబ్బు కాలితో పట్టుకుని నారింజరంగు గుజ్జంతా గీరి తింటుంది. దానికి ఎవరూ నేర్పలేదు.  ఆ గుజ్జులో ఈ పక్షికి తప్పక కావాల్సిన విటమిన్-ఎ ఉంటుంది. ఒక్క పొద్దుతిరుగుడు గింజల మీదే బతికే పక్షులకు దొరకనిది అదే. ఈ జాతికి కాల్షియం తక్కువై మూర్ఛలు వచ్చే జబ్బు కూడా ఉంది. అందుకే పొద్దుటి ఎండలో, కిటికీ అద్దం చాటు లేకుండా అరగంట కూర్చోబెట్టాలి.

ఇక చేత్తో పోస్తేనే మాలిమి అవుతుందన్న మాట. పిల్లలను తల్లి దగ్గరే ఉంచి, రోజూ కాసేపు చేతిలోకి తీసుకుంటే చాలు, అవి కూడా మనిషికి బెదరవని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో అమెజాన్ చిలుకల మీద చేసిన పరిశోధన చూపించింది. స్విట్జర్లాండ్‌లో గ్రే చిలుకల మీదే జరిగి 2006లో అచ్చయిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. మరీ చిన్న వయసులో, ఐదు వారాల లోపు తల్లిదండ్రుల నుంచి వేరు చేసిన పిల్లల్లో పెద్దయ్యాక ఒకే కదలికను పదేపదే చేసే జబ్బు ఎక్కువగా కనబడింది. అంటే మాలిమి పేరుతో మనం కొనేది సగం పెంపకమే. తల్లి చేయాల్సిన పనిని చేతకాని మనిషి చేతిలో పెట్టి, దానికి ప్రేమ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. పెంపకందారుకు దక్కే లాభం స్పష్టమే. పిల్లలను తొందరగా తీసేస్తే జంట తొందరగా మళ్లీ గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు నెలలు నాలుగు పూటలా మేత పోసే చాకిరీ కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది.

ఇవి ఏ పక్షులో కూడా గుర్తుంచుకోవాలి. 1977లో అమెరికాలో ఐరీన్ పెపర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త షికాగోలో ఒక దుకాణం నుంచి తెచ్చుకున్న ఆలెక్స్ ఈ జాతిదే. 2007లో చనిపోయేనాటికి రంగులు, ఆకారాలు చెప్పేది, ఆరు దాకా లెక్కపెట్టేది. ఆ తెలివే ఈ జాతికి శాపమైంది. దశాబ్దాలపాటు అడవుల నుంచి పది లక్షలకు పైగా పక్షులను పట్టి ప్రపంచమంతా అమ్మారు. ఘనాలో 1990ల మొదటి నుంచి చూస్తే నూటికి తొంభైకి పైగా తగ్గిపోయాయని పరిశోధకులు 2016లో తేల్చారు. ఆ ఏడాదే జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు సమావేశం ఈ జాతిని మొదటి అనుబంధంలో చేర్చింది. అడవి పక్షుల అంతర్జాతీయ వ్యాపారం 2017 జనవరి నుంచి నిషేధం.

2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటిస్ మొదటి అనుబంధంలోని జాతులను పెంచి పిల్లలు తీసేవాళ్లు మీ దగ్గర లైసెన్సు తీసుకోవాలని ఆ చట్టం చెబుతోంది. 2024 ఫిబ్రవరి 28న ఇలాంటి జీవులు ఉన్నవాళ్ల నమోదుకు నిబంధనలు వచ్చాయి. మబ్బు గిన్నె మానేసిన రోజులే అవి. ఆ వేసవిలో కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో మబ్బు పేరు నమోదు చేయించాను. దరఖాస్తు నింపుతూ ఎన్ని పక్షులున్నాయన్న దగ్గర ఒకటి అని రాశాను. నా ఇంటికి వచ్చినవి రెండు.

కుక్కపిల్లను ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన నిబంధనల్లో ఉంది. నెదర్లాండ్స్ 2014 నుంచి చిలుకపిల్లలను తినడం నేర్చుకోకముందే తల్లిదండ్రుల నుంచి వేరు చేయడాన్ని నిషేధించింది. మనకూ అలాంటి షరతు కావాలి. మీరు ఇచ్చే ప్రతి లైసెన్సులో, చేసే ప్రతి తనిఖీలో ఈ మాట ఉండాలి: పిల్ల ఎగిరి ఉండాలి, చేతిమేత లేకుండా కనీసం రెండు వారాలు తనంతట తాను తిని బరువు నిలుపుకుని ఉండాలి, ఆ బరువుల పుస్తకం కొనేవాళ్లకు ఇవ్వాలి. వయసు లెక్క ఒక్కటే పెట్టకండి. మూడు నెలలు అని రాస్తే రెండున్నర నెలల పిల్లకు మూడు నెలలని చెబుతారు. తూకం అబద్ధమాడదు. మా అంగన్‌వాడీల్లో ఇంత చిన్న జీతానికి పనిచేసేవాళ్లు ప్రతి బిడ్డ బరువూ రాయగలుగుతున్నారు. లక్షలు పలికే పక్షి జంటలున్నవాళ్లకు ఒక తూకం, ఒక పుస్తకం బరువు కాదు.

దుకాణాల కన్నా ఇళ్ల మేడల మీద నడిచే పెంపకాలు ఎక్కువ. వాటిని వెతకడం మీకు కష్టమని తెలుసు. అయినా తినడం రాని పిల్ల, సిరంజి, పొడి పాకెట్టు ఒకే పెట్టెలో చేతులు మారడం కనబడితే, అడగాల్సిన ప్రశ్న ఏమిటో మీ బీట్ ఆఫీసరుకు కూడా తెలిసి ఉండాలి. ఇప్పటికే పిల్లను తెచ్చుకున్నవాళ్లను భయపెట్టకండి. వాళ్లకు డాక్టరు నంబరు ఇప్పించండి. నాకు తొమ్మిదో రోజుకు గానీ దొరకలేదు.

ఈ లేఖతో నా బరువుల పుస్తకం నకలు పంపుతున్నాను. మొదటి పేజీలో రెండు వరుసలుంటాయి. నవంబరు 24 తరవాత ఒకటే వరుస.

ఇట్లు,
మబ్బును పెంచుతున్న ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచరు,
పెదవేగి మండలం, ఏలూరు జిల్లా